రాళ్లు, రాగిరేకులు, కుండపెంకులు: సిక్కోలు, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు నలుగురైదుగురం కలిసి పాత గుళ్లూ, దిబ్బలూ చూసొస్తుంటాం. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ చుట్టూ మూగిన జనం అవే ప్రశ్నలు అడుగుతారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ప్రొఫెసర్ని కాను. శాసనాలు చదవడం వయసు మీదపడ్డాక నేర్చుకున్నవాణ్ని.

ఏటి మాస్టారూ, లంకెబిందెలు గానీ దొరికాయేటి?

దొరకలేదు. మొదటి ప్రశ్న ఎక్కడైనా ఇదే కాబట్టి మొదటి జవాబూ ఇదే.

నవ్వులాటకి అడిగితే బాగానే ఉంటుంది గానీ, ఈ లంకెబిందెల పిచ్చి మన పాత గుళ్లకి చేసిన నష్టం అంతా ఇంతా కాదు. గర్భగుడిలో లింగాన్ని పెకలించేస్తారు, నందిని పగలగొడతారు, స్తూపం నడినెత్తిన గొయ్యి తీస్తారు. రాత్రికి రాత్రి తవ్వినవాడికి ఏమీ దొరకదు. మట్టి పొరలు మాత్రం కలగాపులగమైపోతాయి. ఆ తర్వాత ఎంత గొప్ప పండితుడొచ్చినా ఆ గోతిలోంచి చరిత్ర తీయలేడు. ఒక పూస బంగారానిదా గాజుదా అన్నది మాకు రెండో సంగతి. ఏ పొరలో, దేని పక్కన ఉందన్నది మొదటి సంగతి.

ఆర్కియాలజీ అంటే ఏమిటి, ఎపిగ్రఫీ అంటే ఏమిటి? రెండూ ఒకటి కాదా?

కాదు. నేలలో మిగిలినవాటిని బట్టి (గోడలు, కుండలు, ఎముకలు, బొగ్గు) పాతకాలాన్ని తెలుసుకోవడం పురావస్తుశాస్త్రం. రాతి మీదా రాగి మీదా చెక్కిన రాతని చదివి అర్థం చెప్పడం శాసనశాస్త్రం. తాళపత్రాలు, పురాణాలు, యాత్రికుల రాతలు మూడో దారి. ఈ మూడూ ఒకదాన్నొకటి నిలదీయాలి. కోర్టులో ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరు కదా, ఇదీ అంతే. మన జిల్లాల చరిత్రలో తగువులన్నీ ఒక్క సాక్షినే నమ్ముకోవడం వల్ల వచ్చినవేనని నా అనుమానం.

మన చుట్టుపక్కల నిజంగా చూడదగ్గవి ఉన్నాయా? అన్నీ అమరావతి, హంపి అనే అంటారు.

ఉన్నాయి, చూసేవాళ్లే తక్కువ. శ్రీకాకుళం నుంచి గంటలోపు ప్రయాణంలో వంశధార ఒడ్డున కొండ మీద శాలిహుండం ఉంది. 1919లో గిడుగు వెంకట రామమూర్తిగారు దాన్ని గుర్తించాక పురావస్తుశాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ మొదలుకొని చాలామంది తవ్వారు. అక్కడ ఇటుకతో కట్టిన స్తూపం పునాదిని పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది. మధ్యలో కుంభం (ఇరుసు దూరే దిమ్మ), చుట్టూ ఆకులు (చక్రం పుల్లలు). ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపి పైన గుమ్మటం లేపేవారు. అది అలంకారం కాదు, ఖర్చు కలిసొచ్చే ఇంజనీరింగ్. మొత్తం ఇటుకతోనే నింపాలంటే ఎన్ని బట్టీలు కాల్చాలో లెక్కేయండి. అక్కడే తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అంటే స్తూపానికి మొక్కే తొలినాటి బౌద్ధం నుంచి దేవతలని కొలిచే వజ్రయానం దాకా వందల ఏళ్ల మార్పు ఆ ఒక్క కొండ మీదే కనిపిస్తుంది.

విజయనగరం వైపైతే రామతీర్థం. అందరూ రాములవారి గుడికి వెళ్లి వచ్చేస్తారు. పక్కనున్న గురుభక్తులకొండ ఎక్కితే బౌద్ధ విహారాల పునాదులు కనిపిస్తాయి. అలెగ్జాండర్ రే 1910-11లో అక్కడ పని చేశాడు. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉంది. అందులో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడి పేరుంది. మూడు మతాలూ ఒకే ఊరి కొండల మీద పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ఇక ముఖలింగం, శ్రీకూర్మం, దంతపురం, దన్ననపేట సంగతి కింద వేరుగా రాశాను.

శాసనం ఎలా చదువుతారు? చూస్తే గీతల్లా ఉంటాయి గానీ అక్షరాల్లా ఉండవు.

నేరుగా రాయిని చూసి చదివేది తక్కువ. ముందు మసి అచ్చు తీస్తారు. దీన్ని ఎస్టంపేజ్ అంటారు. ఒకసారి దగ్గర నిలబడి చూశాను, ఆ సంగతి చెబుతాను.

రాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగారు. అక్షరాల లోపల నాచు, సున్నం, ఏళ్ల తరబడి పోసిన దీపాల జిడ్డు. దానికే గంట పట్టింది. తర్వాత తడిపిన కాగితాన్ని రాయికి అతికించి, బిరుసు వెంట్రుకల బ్రష్షుతో మెల్లగా కొట్టుకుంటూ పోయారు. ఆ దెబ్బకి కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెత్తగా కొడితే దిగదు. కాగితం కాస్త ఆరి, ఇంకా చెమ్మ ఉండగానే సిరా అద్దిన గుడ్డ బంతితో పైపైన తట్టారు. రాతి ఉపరితలం నల్లగా పడింది, గాడిలో దిగిన అక్షరాలు తెల్లగా మిగిలాయి. నల్లపలక మీద సుద్దతో రాసినట్టు వచ్చేసింది! అప్పటిదాకా "ఏటీ లేదిక్కడ" అన్న పూజారిగారు ముందుకి వంగి "శ్రీ" అని చదివారు.

అసలు కష్టం ఆ తర్వాతే. పదాల మధ్య ఖాళీలుండవు, కామాలు ఫుల్‌స్టాపులు ఉండవు. పాత లిపిలో ఎ, ఏ లకీ ఒ, ఓ లకీ తేడా చూపించరు. ప, వ ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఒక శాసనాన్ని ఇద్దరు చదివి రెండు రకాలుగా అచ్చువేసిన సందర్భాలు బోలెడు.

ఆ తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫాలో కళింగ రాజు ఖారవేలుడి శాసనమే సాక్ష్యం. నందరాజు తవ్వించిన కాలువ గురించి చెబుతూ అందులో "తివససత" అన్న మాట వస్తుంది. దాన్ని "మూడు వందల ఏళ్లు" అనీ చెప్పవచ్చు, "నూట మూడేళ్లు" అనీ చెప్పవచ్చు. ఏది ఒప్పుకుంటే ఖారవేలుడు అటు పోతాడు, ఇటు వస్తాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తేడా ఒక్క సమాసం విరుపులో ఉంది. మా తెలుగు మాస్టారు సమాసాలు చెబుతుంటే కిటికీలోంచి మామిడిచెట్టు చూస్తూ కూర్చున్నందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను.

శక సంవత్సరాన్ని మామూలు సంవత్సరంగా ఎలా మార్చాలి?

78 కలపండి. శ్రీకూర్మంలో మధ్వ సన్యాసి నరహరితీర్థుల శాసనం శక 1203 నాటిది. 78 కలిపితే 1281. సంవత్సరం చివరి నెలల్లో పడిన తేదీకి 79 కలపాల్సి వస్తుంది, అంత సూక్ష్మం మొదట్లో అక్కర్లేదు.

చిక్కేమిటంటే అన్ని శాసనాలూ అంకెలు వేయవు, కొన్ని మాటల్లో దాస్తాయి. నరసన్నపేట దగ్గర నడగాంలో దొరికిన రాగిరేకుల్లో, కళింగని ఏలిన గాంగవంశపు రాజు వజ్రహస్తుడి పట్టాభిషేకం ఎప్పుడయ్యిందో చెప్పడానికి "వియదృతునిధి" అన్నారు. వియత్తు అంటే ఆకాశం, అంటే సున్న. ఋతువులు ఆరు. నిధులు తొమ్మిది. సున్న, ఆరు, తొమ్మిది వచ్చాయి. ఈ లెక్కని కుడి నుంచి ఎడమకి పేర్చాలి, కాబట్టి 960. శక 960కి 78 కలపండి, 1038. పక్కనే తిథి, వారం, నక్షత్రం కూడా ఇచ్చారు కాబట్టి పంచాంగం లెక్క తెలిసినవాళ్లు సరిచూసుకోవచ్చు. అంకెలైతే ఒక గీత చెరిగినా సంవత్సరం మారిపోతుంది. శ్లోకంలో మాట మారిస్తే ఛందస్సు తప్పి దొంగ దొరికిపోతాడు. ఆ రేకులని శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించింది మన గిడుగువారే.

"గాంగ సంవత్సరం", "అంక సంవత్సరం" అని రాసి ఉంటే?

తొలినాటి గాంగులకి సొంత శకం ఉంది. అది 498 ప్రాంతంలో మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 496 అన్నవాళ్లూ, 504 అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ శాసనాలకి తేదీ చెప్పేటప్పుడు "సుమారు" అని ఒక మాట పెట్టుకుంటే పరువు దక్కుతుంది.

అంకం ఇంకా తమాషా. రాజు గద్దె ఎక్కాక ఎన్నో ఏడు అని లెక్కపెడతారు గానీ 1ని వదిలేస్తారు, 6తో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు, 10ని ఉంచుకుని మిగతా సున్నతో ముగిసేవాటినీ వదిలేస్తారు. కాబట్టి "12వ అంకం" అంటే నిజానికి పదో ఏడు. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: 2, 3, 4, 5, 7, 8, 9, 10, 11, 12. ఈ సంగతి తెలియక ఒక రాజుని అదనంగా కొన్నేళ్లు బతికించిన వ్యాసాలు చదివాను.

మా తాతగారి ఇంట్లో రాగిరేకులున్నాయి. అవి శాసనమేనా?

కావచ్చు. పాత దానశాసనాలు సాధారణంగా మూడు రేకులుంటాయి. ఒక పక్కన చిల్లు పొడిచి రాగి కడియం దూర్చి, కడియం రెండు కొసలూ కలిసేచోట రాజముద్ర వేస్తారు. మొదటి రేకు పైభాగమూ, చివరి రేకు వెనకభాగమూ అట్టల్లాగా ఖాళీగా వదిలేస్తారు. లోపలి రాత ఒరుసుకోకుండా ఉండటానికి రేకుల అంచులు కాస్త లేపి ఉంటాయి. గాంగుల ముద్ర మీద ఎక్కువగా నంది ఉంటుంది. నరసన్నపేట దగ్గర కోమర్తిలో దొరికిన చండవర్మ శాసనం ముద్ర మీద "పితృభక్తః" అని ఒక్క మాట ఉంది. సింహపురం నుంచి జారీ చేశామని అందులో రాసి ఉంది. ఆ సింహపురమే మన సింగుపురం అంటారు. బస్సులో రోజూ దాటిపోయే ఊరు ఒకప్పుడు కళింగ రాజుల రాజధాని.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. కడియం కోయకండి, చింతపండుతో తోమకండి. పచ్చటి చిలుము చూడ్డానికి బాగోదు గానీ దాన్ని తోమితే అక్షరాలూ పోతాయి. పండక్కి బిందెలు తోమినట్టు రేకులు తోమి మెరిపించిన ఒకావిడ "ఇప్పుడు చదవండి బాబూ" అని ఇచ్చారు. ఏం చదవను?

శాసనంలో రాసినదంతా నిజమేనా?

కాదు. శాసనం రాజు చెప్పుకున్న మాట. మొదటి భాగం వంశ ప్రశస్తి. ప్రతి రాజూ శత్రువులందర్నీ గెలిచినవాడే, ప్రతి రాజూ ధర్మరాజే. ఆ భాగాన్ని పెళ్లి శుభలేఖలో "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అన్నట్టు చదువుకోవాలి. తర్వాత వచ్చే దానం వివరం మాత్రం గట్టి సాక్ష్యం. ఏ ఊరు, ఎవరికిచ్చారు, తూర్పున ఏ చెరువు, దక్షిణాన ఏ పుట్ట, ఏ చింతచెట్టు. పొలం తగువులొస్తాయి కాబట్టి అక్కడ అబద్ధం రాస్తే చెల్లదు. రాజుల గొప్పలకంటే ఆ ఎల్లలు చదవడమే నాకిష్టం. వెయ్యేళ్ల కిందటి చెరువు గట్టు ఇప్పటికీ అక్కడే ఉంటే ఒళ్లు జలదరిస్తుంది. చివర శాపం: ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. భూకబ్జాలు అప్పుడూ ఉన్నాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

రాయనిది కూడా చదవాలి. అశోకుడి 13వ శిలాశాసనంలో కళింగ యుద్ధం వస్తుంది: లక్షమంది చచ్చిపోయారు, లక్షా యాభై వేలమందిని తరలించారు, రాజు బాధపడ్డాడు. ఈ శాసనం ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ దాకా చెక్కించాడు. మనకి ఉత్తరాన గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది, అదీ కళింగమే. అక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ ఈ 13వ శాసనం లేదు. 11, 12, 13 తీసేసి, "మనుషులందరూ నా పిల్లలే" అనే వేరే శాసనాలు రెండు పెట్టించాడు. దెబ్బ తిన్నవాళ్ల ఎదుట ఆ లెక్క చదివించడం ఎందుకనుకున్నాడో, భయపడ్డాడో. రాతి మీద ఉన్నది మాత్రం ఇంతే.

ముఖలింగమే కళింగనగరమని ఎలా తేలింది?

ఒకప్పుడు కొందరు పండితులు గాంగుల రాజధాని కళింగనగరమంటే కళింగపట్నం అనుకున్నారు. పేరు కలిసింది, రేవు ఉంది, ఇంకేం కావాలి? పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తిగారు ముఖలింగం గుడి గోడల మీది రాతలు చదవడం మొదలుపెట్టారు. లిపి నేర్పడానికి గురువు లేడు. తెలిసిన అక్షరాన్ని పట్టుకుని తెలియనిదాన్ని ఊహిస్తూ సొంతంగా నేర్చుకున్నారు. గోడల మీద గాంగరాజుల కాలపు దానాలు, ఊరిని "నగరం" అనడం, గుళ్లు, చుట్టూ శిథిలాలు, రాగిశాసనాల్లో కళింగనగరం గురించి చెప్పిన మాటలు అన్నీ కలిపి చూసి ఇదే ఆ ఊరన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది అదే.

వ్యావహారిక భాష కోసం పోట్లాడిన గిడుగు అనే మనకి తెలుసు. ఆగస్టు 29న దండ వేస్తాం. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో అనీ, రాళ్లు చదివి చదివి వెనకటివాళ్లు ఎలా మాట్లాడారో ఎలా రాశారో చూసినవాడనీ దండ వేసేవాళ్లలో ఎందరికి తెలుసు? శాసనాల తెలుగు ఏ వ్యాకరణ పుస్తకానికీ పూర్తిగా లొంగదు. గ్రాంథికం మీద ఆయనకి అనుమానం వచ్చింది అక్కడేనేమో అని నా ఊహ. ఇది రుజువైన మాట కాదు, నా ముచ్చట.

ముఖలింగం వెళితే మధుకేశ్వరుడి గుడిలో ఒక్క ద్వారబంధం దగ్గర అరగంట కూర్చోండి. ఎక్కువ శాసనాలు అఖండదీపాల గురించే. ఫలానా ఆయన తన పుణ్యం కోసం దీపం పెట్టించాడు, నెయ్యి కోసం ఇన్ని ఆవులో ఇన్ని మాడలో (బంగారు నాణేలు) ఇచ్చాడు, సూర్యచంద్రులున్నంతకాలం వెలగాలి. దీపాలు ఎప్పుడో ఆరిపోయాయి, పేర్లు మిగిలాయి. తర్వాత చోడగంగుడి కాలంలో గాంగుల చూపు ఉత్తరానికి మళ్లింది. పూరీ జగన్నాథుడి పెద్దగుడి ఆయన చలవే. రాజధాని కటకానికి వెళ్లిపోయింది.

దంతవక్త్రుని కోటే బుద్ధుడి దంతం ఉన్న దంతపురమా?

సరుబుజ్జిలి మండలంలో మట్టికోట ఉంది. గోడలు ఇప్పటికీ గట్టుల్లా కనిపిస్తాయి. ఊళ్లో వాళ్లు మహాభారతంలోని దంతవక్త్రుడి కోట అంటారు. చరిత్రవాళ్లు, పాళీ గ్రంథాల్లో కళింగ రాజధానిగా చెప్పిన దంతపురం అంటారు. ఆ కథ ప్రకారం గుహశివుడనే రాజు దగ్గరున్న బుద్ధుడి దంతాన్ని కూతురు హేమమాల జడలో దాచుకుని, భర్త దంతకుమారుడితో సింహళానికి తీసుకెళ్లింది. క్యాండీలో ఇప్పుడు పూజలందుకునేది అదే.

సాక్షుల్ని పిలుద్దాం. పేరు కలుస్తోంది. తవ్వకాల్లో పాత కుండపెంకులు దొరికాయి. తొలి గాంగుల జిర్జింగి రాగిశాసనం దంతపురం నుంచే జారీ అయింది, అంటే ఈ ప్రాంతంలో ఆ పేరుగల రాజధాని ఒకటి నిజంగా ఉండేది. ఇటు ఇంత బలముంది. అటువైపు పూరీ అనేవాళ్లు, గంజాం జిల్లా పాలూరు అనేవాళ్లు ఉన్నారు. "ఇది దంతపురం" అని రాసిన శాసనం కోట లోపల దొరికేదాకా నేను "చాలావరకు ఇదే" అంటాను, "ఇదే" అనను. ఈ మాటకి సొంత ఊరివాళ్లు నా మీద అలిగారు. అలగనీ.

ఈ రాయి వయసెంతో కార్బన్ టెస్ట్ చేయిస్తే తెలుస్తుంది కదా?

తెలియదు. కార్బన్ 14 పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న వస్తువుకే: బొగ్గు, ఎముక, మాడిన ధాన్యం. చచ్చిపోయాక అందులోని కార్బన్ 14 ప్రతి 5,730 ఏళ్లకీ సగమవుతుంది, మిగిలినదాన్ని బట్టి లెక్క కడతారు. దాదాపు 50,000 ఏళ్ల దాకా పనికొస్తుంది. రాయి కోట్ల ఏళ్ల కిందట పుట్టింది. దాన్ని శిల్పి ఎప్పుడు చెక్కాడో రాయి చెప్పదు. విగ్రహానికి శైలిని బట్టి, శాసనానికి లిపిని బట్టి కాలం చెబుతారు. వాట్సాప్‌లో "కార్బన్ డేటింగ్‌లో ఈ విగ్రహం 9,000 ఏళ్లదని తేలింది" అని వస్తే పక్కన పెట్టేయండి.

పగిలిన కుండపెంకులు ఏరుతారేమిటి మాస్టారూ, పిచ్చా?

కొంచెం. బంగారాన్ని కరిగించేస్తారు, ఇనుము తుప్పుపడుతుంది, కుండపెంకు మాత్రం ఎక్కడికీ పోదు. ప్రతి కాలానికీ ఒక కుండ పద్ధతి ఉంటుంది కాబట్టి పెంకుని బట్టి కాలం చెప్పవచ్చు. లోపల, అంచు నల్లగా ఉండి బయట ఎర్రగా ఉన్న పెంకు దొరికితే జాగ్రత్త చేయండి. కుండని బోర్లించి కాల్చేవారు. లోపలికి గాలి తగలక నలుపు, బయట తగిలి ఎరుపు. రాక్షసగుళ్ల (పెద్ద బండల సమాధులు, కింద చెప్పాను) కాలంలో ఆ రకం ఎక్కువ.

పాత ఊరి దిబ్బని మన రైతులు పాటిదిబ్బ అంటారు. ఆ పాటిమన్ను పొలానికి ఎరువని బళ్లకెత్తి తోలేస్తారు. నిజంగానే మంచి ఎరువు, వందల ఏళ్ల బూడిద, పేడ, చెత్త అందులో ఉంటాయి. అదే చెత్త మా చరిత్ర. ఇప్పుడు బళ్లు పోయి జేసీబీలొచ్చాయి. ఎడ్లబండి ఏడాదిలో తినేది జేసీబీ ఒక పూటలో మింగేస్తుంది. రైతుని తప్పు పట్టలేను. కనీసం తోలుతున్నప్పుడు పిలవండి, గట్టు మీద కూర్చుని చూస్తాను.

రాక్షసగుళ్లు నిజంగా రాక్షసులు కట్టినవా?

మనుషులే. ఇనుము వాడిన కాలంలో చచ్చిపోయినవాళ్ల కోసం పెద్ద బండలు నిలబెట్టి పైన కప్పుబండ వేసేవారు. ఆమదాలవలస మండలం దన్ననపేట దగ్గర ఉన్నదాని కప్పుబండ ఒక్కటే రాయి. పొడవు 36 అడుగులు, వెడల్పు 14, మందం 2 అడుగులు ఉంటుంది. రైలుపెట్టెలో సగం పొడవు. దాన్ని క్రేన్ లేకుండా ఎత్తడానికి ఎంతమంది చేతులు కలిశాయో ఆలోచిస్తే, అప్పటి ఊరి కట్టుబాటు ఎంత గట్టిదో తెలుస్తుంది. పెద్ద భవనాలు కట్టలేదు, పుస్తకాలు రాయలేదు. పోయినవాళ్ల కోసం మాత్రం ఇంత కష్టపడ్డారు.

మా గుడికి రంగులు వేయిస్తున్నాం. శాసనానికి ఏమైనా అవుతుందా?

అవుతుంది. ఒక ఊళ్లో జరిగింది చెబుతాను, ఊరి పేరు వద్దు. మండపం స్తంభం మీద పద్నాలుగు పంక్తుల తెలుగు శాసనం ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు సగం చదివి, మిగతాది కార్తీకమాసంలో చూద్దాంలే అని వచ్చేశాం. మళ్లీ వెళ్లేసరికి కమిటీవారు స్తంభాలన్నిటికీ ఎనామిల్ పెయింట్ వేయించారు, వెండిరంగు. "ఎంత కళొచ్చిందో చూడండి మాస్టారూ" అన్నారు ఆప్యాయంగా, కాఫీ కూడా ఇప్పించారు. ఏమీ అనలేకపోయాను. మాలో ఒక కుర్రాడి పాత ఫోన్‌లో మొదటి తొమ్మిది పంక్తుల ఫొటో ఉంది. చివరి ఐదూ ఆ వెండిరంగు కిందే ఉన్నాయి. దీపం ఎవరు పెట్టించారో తెలిసింది, ఎందుకో తెలియదు. తప్పు కమిటీదా? సగం నాది. ఆ రోజే పూర్తి చేయాల్సింది.

కాబట్టి పెయింట్ వద్దు, ఇసుక పిచికారీతో రాయి తెల్లగా చేయడం అసలే వద్దు. అక్షరం లోతు రెండు మూడు మిల్లీమీటర్లే, అది ఇసుకతో పాటే పోతుంది.

పొలంలో విగ్రహమో నాణేలో దొరికితే ఏం చేయాలి?

కదపకండి, ఫొటో తీయండి, తహసీల్దారుకి చెప్పండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు అప్పటివి, ఎవరూ మార్చలేదు! నూరేళ్లు దాటిన విగ్రహాలూ నాణేలూ 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని దేశం దాటించడం నేరం. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్తగా కట్టకూడదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. చెబితే పొలం లాక్కుంటారేమోనని భయం ఉంటుంది. ఆ టెన్షన్‌తో విగ్రహాన్ని మళ్లీ పూడ్చేసినవాళ్లూ ఉన్నారు. అమ్ముకోవడం కంటే పూడ్చడం నయం, మీకు నేనిచ్చే మార్కులు అవే.

మా ఇంటిపేరు, మా కులం శాసనాల్లో ఉందా?

ఊరిపేరు ఉండొచ్చు. ఇంటిపేరుతో మీ ముత్తాత దాకా గీత గీయమంటే గీయను.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దీన్లో చదువు ఉందా, ఉద్యోగం ఉందా?

చదువు ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తుశాస్త్ర విభాగం ఉంది. ఆపైన కేంద్ర పురావస్తుశాఖవారి పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ సంస్థ గ్రేటర్ నోయిడాలో పీజీ డిప్లొమా నడుపుతుంది. శాసనాలంటే మైసూరులోని ఎపిగ్రఫీ శాఖ. ఉద్యోగాలు తక్కువ, దాచను. సంస్కృతం, ప్రాకృతం, పాత తెలుగు వచ్చినవాళ్లు అంతకంటే తక్కువ కాబట్టి భాష గట్టిగా నేర్చుకున్న పిల్లకి గిరాకీ ఉంటుంది. ఇంజనీరింగ్‌లో చేర్చి వారాంతం మాతో పంపినా సంతోషమే.

నాకు నేనుగా చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాహ్మీతో మొదలుపెట్టకండి, నీరసమొస్తుంది. పన్నెండు, పదమూడు శతాబ్దాల తెలుగు శాసనంతో మొదలుపెట్టండి. అక్షరాలు సగం తెలిసినట్టే ఉంటాయి. శ్రీకూర్మం మండపం స్తంభాలు మంచి బడి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ 5వ సంపుటంలో తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. అచ్చు పాఠం చేతిలో పెట్టుకుని స్తంభం మీద "శకవర్షంబులు" అన్న మాట వెతకండి. అది దొరికితే శ, క, వ, ర, ష, బ, ల అక్షరాలు మీ సొంతమైనట్టే. మిగతావి వాటిని పట్టుకుని వస్తాయి.

సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే అక్షరాల గాడిలో నీడ నిలుస్తుంది. మధ్యాహ్నం ఏమీ కనిపించనిచోట సాయంత్రం పంక్తులకి పంక్తులు లేచొస్తాయి. మండపం లోపలైతే ఒకరు టార్చిని రాయికి ఆనించినట్టుగా పక్కనుంచి పట్టుకోవాలి, ఇంకొకరు ఎదురుగా ఫొటో తీయాలి. ఫ్లాష్ వద్దు. సుద్దతో దిద్దడం, పసుపు రాయడం, నూనె పూయడం ఏదీ వద్దు. ఫొటో తీశాక ఊరు, గుడి, ఏ వైపు గోడ, నేల నుంచి ఎన్నో రాయి అన్నది ఆ రోజే రాసుకోండి. టార్చి పట్టుకోవడానికి మనిషి లేకపోతే కబురు పెట్టండి, ఆదివారమైతే నేనే వస్తాను.